తిరిగొచ్చిందా అని అడిగారు

ఆ ఉదయం ఆకాశం కనపడలేదు. ఇప్పచెట్ల కింద రాలుటాకు కాల్చిన పొగ పైకి పోకుండా ఊరి మీదే పడుకుంది. పొద్దు పొడిచింది గాని దానికి వేడి లేదు, వెలుగూ లేదు. మసిగుడ్డ వెనక పట్టుకున్న నిప్పుకణికలా చిన్నగా, ఎర్రగా ఉంది. కళ్లార్పకుండా దాని వంక చూడొచ్చు. అయితు వాకిట్లో నిలబడి అలాగే చూస్తున్నాడు. లోపల అతని పెళ్లాం రయిమతి ఊపిరి అప్పుడే ఆగింది.

ఆగిన సంగతి అతనికి వెంటనే తెలియలేదు. చలిజ్వరం పట్టి ఐదు రోజులైంది. ఆ ఐదు రోజులూ ఇంట్లో రంపం కోస్తున్నట్టు ఆమె ఊపిరి చప్పుడే. అది వినపడకపోయేసరికి నిద్రపట్టిందనుకున్నాడు. జావ కాచుదామని పొయ్యి దగ్గర కూర్చుని రెండు పుల్లలు ఎగదోసి ఊదాడు. తలెత్తి చూస్తే ఆమె పెదవి మీద ఈగ వాలి ఉంది. ఆమె దాన్ని తోలలేదు.

అయితు పుల్లలు మళ్లీ వెనక్కి లాగి పొయ్యి ఆర్పాడు.

ఆ ఊళ్లో చావు కబురు డోలు చెబుతుంది. డోలు వినపడితే ఇప్పపువ్వు ఏరుతున్నవాళ్లు బుట్టలు అక్కడే బోర్లించి వస్తారు. ఇంటికొక దోసెడు బియ్యం తెస్తారు, ఒక కట్టె తెస్తారు. గొయ్యి మాత్రం అందరూ తవ్వరు. మగవాడికైతే అత్తింటివాళ్లు, ఆడదానికైతే పుట్టింటివాళ్లు తవ్వాలి. చచ్చిన మనిషి ఏ గోత్రంలో ఉంటే ఆ గోత్రంవాడు, పెళ్లయిన ఆడదైతే మొగుడి గోత్రంవాడు, గోతిమట్టి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ గొయ్యి ఇంకొకరిని అడుగుతుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు, నిప్పు కాలుతుందని తెలిసినట్టు తెలిసేది.

అయితు బామ్మర్దికి కబురంపాడు. డోలు మాత్రం మోగలేదు. డోలు కొట్టేవాడు వచ్చి వాకిట్లోకి తొంగిచూసి, ఊరి పెద్ద పటేలు నోటి మాట కావాలని చెప్పి వెళ్లిపోయాడు.

ముందుగా వచ్చింది నందె. అయితుకు చిన్నమ్మ వరస, మొగుడు పోయిన మనిషి. ఊళ్లో ప్రభువును నమ్మి ప్రార్థనోళ్లు అనిపించుకునే నాలుగిళ్లలో ఆమెది ఒకటి. ఆ నాలుగిళ్లూ ఒకటే గోత్రం, అయితు గోత్రమే. నందె వచ్చి ఏడవలేదు. కుండలో నీళ్లున్నాయా అని అడిగి, సొరబుర్రతో ముంచి రయిమతి మొహం కడిగింది, చేతులు కడిగింది, పాదాల పగుళ్లలో మట్టి వేలితో తీసి మరీ కడిగింది.

"ఇన్నాళ్లూ మమ్మల్ని బోరింగు దగ్గరికి రానియ్యలేదు. వాగు నీళ్లు మోసి మోసి దీని మెడ ఇటు ఒరిగిపోయింది చూడు" అంది. ఆ మెడను నెమ్మదిగా తిన్నగా పెట్టింది.

అయితును బోరింగు దగ్గరికి రానిస్తారు. ప్రార్థనోళ్లలో అతన్ని లెక్కపెట్టరు.

కిందటేడు కొత్త పంట తినే కొత్తల పండగ ముందు పటేలు నాలుగిళ్ల వాళ్లతో పాటు అతన్నీ, రయిమతినీ పిలిపించాడు. కాగితం పరిచారు. ఆ దేవుణ్ణి వదిలి తిరిగొచ్చినట్టు వేలిముద్ర వేసి, డొప్పలో ఇప్పసారా నేలమీద ఇంత చిలకరించి, మిగిలింది తాగాలి. లేకపోతే నీళ్లు లేవు, నిప్పు లేదు, కూలి లేదు. మొదట అయితునే పిలిచారు. అతని కాళ్లు అతన్ని మోసుకుపోయాయి. వేలు సిరాలో ముంచారు, నొక్కాడు, తాగాడు. తర్వాత రయిమతిని పిలిస్తే ఆమె కూర్చున్న చోటి నుంచి లేవలేదు. అంతే.

ఆ తర్వాత కూడా ఆమె అతన్ని దెప్పలేదు. ఆదివారం వచ్చిందంటే తెల్లవారకముందే సంత ఊరికి బయలుదేరేది. మూడు కోసుల నడక. అయితు వాగు దాకా తోడు వెళ్లేవాడు. వాగు దాటితే ఊరికి తెలుస్తుంది, పటేలు అడుగుతాడు. అందుకని ఇవతల గట్టు మీద కూర్చుని, ఆమె తిరిగి వచ్చేదాకా నార తాడు పేనేవాడు. సాయంత్రం ఆమె నీళ్లలోంచి నడిచి వస్తూనే ఆ రోజు ఏం చెప్పారో చెప్పడం మొదలుపెట్టేది. చదువు లేని మనిషి, సగం మరిచిపోయేది. ఆ మరిచిపోయిన సగం తనే కల్పించి చెబుతుందేమోనని అతనికి అనుమానం. అయినా వినేవాడు. రాత్రి పడుకునే ముందు ఆమె పక్కన కూర్చుని, పెదవులు కదపకుండా ప్రార్థన చేసేవాడు. వేలిముద్ర వేసినవాడి ప్రార్థన ఎంత దూరం పోతుందో అతనికి తెలియదు. చేసేవాడు, అంతే.

ఉంగా వచ్చేసరికి పొగ కొంచెం పలచబడింది. ఉంగా రయిమతి తమ్ముడు. ఒకే తల్లి పాలు తాగిన ఇద్దరు. ఊరికి దిగువ గూడెంలో ఉంటాడు. అక్కను చూసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత అయితును చెయ్యి పట్టి ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. వచ్చేటప్పుడే పటేలు దగ్గరికి పోయి వచ్చానని చెప్పాడు. పటేలు మొదట కుదరదన్నాడట. తను కాళ్లు పట్టుకున్నాడట. చివరికి పటేలు ఒక దారి చెప్పాడట.

"ఒక్క మాట చాలంట బావా" అన్నాడు. "జ్వరంలో మనసు మార్చుకుంది, తిరిగొస్తానంది అని నువ్వు చెప్పాలె. పెర్మా నేలకి మొక్కి ఆమె పెదవి మీద సారా చుక్క వేస్తడు. డోలు కొడతరు. మీ అమ్మ పక్కనే చోటు. నేను తవ్వుతా."

"ఆమె అనలేదు గదా."

"అనలేదని ఎవడికి తెలుసు? ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే." ఉంగా గొంతు తగ్గించాడు. "చచ్చినదానికి అబద్ధం తగలదు బావా. మట్టి తగుల్తది. మా అక్కకి మట్టి కావాలె."

అయితు ఇంట్లోకి పోయాడు. లోపలి గదిలో మూలన చచ్చినవాళ్ల కుండ ఉంది. రయిమతి దాన్ని పూజించలేదు, పగలగొట్టనూ లేదు. మూలన దాని మానాన దాన్ని వదిలేసింది. అందులో అయితు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, పురిట్లోనే పోయిన పిల్ల ఉంది. ఊరి మట్టిలో పెట్టి, పదో రోజున పిలిచి తెచ్చుకుంటేనే ఎవరైనా ఆ కుండలోకి వస్తారు. బయట పెట్టినవాళ్లు బయటే. దారి దొరక్క అడవిలో తిరుగుతుంటారు, చెట్టు కింద పువ్వు ఏరేవాళ్లను పిలుస్తుంటారు. ఇది అయితు తల్లి చెప్పింది. చచ్చినవాళ్లు ప్రభువు దగ్గర లేస్తారని రయిమతి చెప్పింది. అయితు రెండూ నమ్మాడు. పగలు ఒకటి, చీకటి పడితే రెండోది.

అతని భయం పటేలు కాదు, బోరింగు నీళ్లు కాదు. రేపు తను పోతే ఆ కుండలోకి వెళ్తాడు. అక్కడ అందరూ ఉంటారు, ఆమె ఉండదు. అదీ భయం.

రెండేళ్ల కింద, ఇంకో ఊరివాళ్లు ఒక ముసలాయన శవాన్ని మంచం మీద మోసుకుని ఇటుగా పోయారు. వాళ్ల ఊళ్లో చోటివ్వలేదు. అయితుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎట్లా అంత దూరాన పెడతారు ఒక్కణ్ణీ, అన్నాడు. రయిమతి రాయి మీద మిరపకాయలు నూరుతోంది. నూరడం ఆపకుండానే అంది: "నేలంతా ప్రభువు చేసిందేనంటున్నరు గదా. మరి ఏ మూలన పెడితే ఆయనకి దొరకం?"

పెద్ద మాటేం కాదు. ఉప్పు ఉందా లేదా అన్నట్టు అన్న మాట. అయితు కుండ ముందు నిలబడి ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అయితు ఉంగా వెంట వెళ్లేసరికి పటేలు వాకిట్లో అందరూ కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు గోడ వెనక నిలబడ్డారు. పటేలు చెడ్డవాడు కాడు. అయితు తండ్రి పోయినప్పుడు పాడె ముందు కొన పట్టింది అతనే. కిందటేడు వానలు వెనకబట్టాయి, మూడు ఎడ్లు కాళ్లు తన్నుకుని చచ్చాయి. నేలకు కోపం వచ్చిందని ఊరు నమ్మింది, పటేలూ నమ్మాడు. భయపడ్డ మనిషి గట్టిగా మాట్లాడతాడు. పటేలు ఈ మధ్య గట్టిగానే మాట్లాడుతున్నాడు.

పెర్మా అంటే ఊరి నేలకు పూజ చేసే పెద్ద. బాగా ముసలివాడు, చూపు సన్నగిల్లింది. నేల తరఫున అడిగే ప్రశ్న ఏదైనా అతను మూడుసార్లు అడుగుతాడు. మొదటిసారి చెవికి, రెండోసారి మనసుకి, మూడోసారి నేలకి అని చెబుతారు. మూడోసారి చెప్పిందే నిలుస్తుంది. ముందు రెండుసార్లు ఏం చెప్పినా దిద్దుకోవచ్చు.

"అయితూ, నేల అడుగుతున్నది. మీ ఇంటి ఆడమనిషి తిరిగొచ్చిందా?"

అయితు నోరు తెరిచాడు. మాట రాలేదు. పక్కన ఉంగా మోచేత్తో పొడిచాడు. ఎవరో దగ్గారు. గోడ వెనక ఆడగొంతు ఒకటి, పెళ్లాం చచ్చినా వీడికి నోరు రాదు అంది. కొందరు నవ్వారు. అది నిజమే గనక అయితుకు కోపం రాలేదు.

తల వంచుకున్నాడు. కళ్లు మూసుకుంటే అందరికీ తెలుస్తుందని తెరిచే ఉంచాడు. తన కాలి బొటనవేలు చూస్తూ లోపల అన్నాడు: ప్రభువా, నేను పిరికివాణ్ణి. ఆ సంగతి నాకంటే ముందు నీకే తెలుసు. నాకు ధైర్యం ఇయ్యకపోయినా సరే, ఒక్క మాటకు సరిపడా నోరియ్యి.

ఏమీ జరగలేదు. చెమట అలాగే కారుతోంది. కాని తను ఇప్పుడు పెదవులు కదిపాడని అతనికి తెలిసింది. ఎదురుగా కూర్చున్న పటేలు అది చూశాడనీ తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడకుండా చేసింది ఇప్పుడు ఊరంతా చూసింది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

పెర్మా రెండోసారి అడిగాడు.

"రాలేదు తాతా" అన్నాడు అయితు.

పెర్మా వెంటనే మూడోసారి అడగలేదు. ముసలివాడు పొగాకు నలుపుతూ, మసకబారిన కళ్లతో అతని వైపు తిరిగి, జ్వరంలో మనిషి ఏదేదో అంటదిరా, నీకు సరిగ్గా వినపడలేదేమో, నింపాదిగా గుర్తు చేసుకో అన్నాడు. అది దయ. అందరికీ తెలుసు అది దయ అని. అయితుకు ఆ ముసలాయన కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది.

"ఇది మూడోది. తిరిగొచ్చిందా?"

"రాలేదు. జ్వరంలో మంచినీళ్లడిగింది, ఆదివారం ఎప్పుడని అడిగింది. ఇంకేం అడగలేదు." అతను ఆగాడు. ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ఆమె సంగతి చెప్పేశాడు, తన సంగతి ఎవరూ అడగలేదు. "నేను కూడా రాలేదు తాతా. ఆ కాగితం మీద వేలు నాదే. భయపడి పెట్టినా. ఇప్పుడూ భయంగనే ఉంది. కాని నేను ఆమె దిక్కే."

పటేలు లేచి నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల శవం ఊరి పొలిమేర దాటాలన్నాడు. సొంత చేను కూడా ఊరి నేలేనని, అక్కడ కూడా గుంట పడకూడదన్నాడు. ఎవరు మోస్తే వాళ్లకీ అదే దారి అన్నాడు. చెబుతున్నంత సేపూ అయితు వంక చూడలేదు.

ఉంగా మాత్రం చూశాడు. దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి మెల్లగా అన్నాడు: "ఒక్క మాటకి మా అక్కని అడవిపాలు చేసినవు. ఇన్నేళ్లు నోరు లేదు నీకు. ఇయ్యాలే వచ్చిందా?"

అయితు ఇంటి దారి పట్టాడు.

నులక మంచానికి రెండు వెదురు బొంగులు కట్టారు. మోయగల మగవాళ్లు ఇద్దరే, అయితూ, ప్రార్థనోళ్ల నాలుగిళ్లలోని సుక్కా. సుక్కాకు చిన్నప్పుడు ఎలుగుబంటి పట్టిన కాలు, కుంటుతాడు. ఆ ఇళ్లలో మిగతా ఇద్దరు మగవాళ్లు తునికాకు పనికి ఎక్కడో దూరాన ఉన్నారు. ఆడవాళ్లు పాడె పట్టకూడదు. సుక్కా ఆ మాటే అన్నాడు.

"మగోళ్లు ఎక్కడున్నరో చూపించు, వాళ్లకే ఇస్తా" అంది నందె. "నీ కుంటికాలు చూసి బొంగు ఎత్తుపల్లాలు సర్దుకుంటది గాని, పట్టు."

బొంగు కొన భుజాన పెట్టుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు.

ఊరు దాటేదాకా దారికి రెండు పక్కలా ఇప్పచెట్ల కింద మనుషులున్నారు. మంచం దగ్గరికి వచ్చేకొద్దీ ఒక్కొక్కరూ వీపు తిప్పుకుని పువ్వు ఏరుకున్నారు. ఒక చిన్నపిల్ల మాత్రం తిరగడం మరిచిపోయి చూస్తూ నిలబడితే తల్లి బుగ్గ పట్టి తిప్పింది. పువ్వు వాసన తియ్యగా, కుళ్లినట్టుగా దారంతా కమ్ముకుంది. కొంతసేపటికి ఏది పువ్వు వాసనో, ఏది కాదో తెలియలేదు.

పొద్దు పొగలోంచి బయటపడ్డాక ఎండ నెత్తిన కూర్చుంది. భుజాలు మార్చుకుంటూ నడిచారు. వాగు దగ్గర దించి నీళ్లు తాగారు. అయితు ప్రతి ఆదివారం కూర్చునే గట్టు అదే, పేనగా మిగిలిన నార పోగులు ఇంకా పడి ఉన్నాయి. మళ్లీ ఎత్తుకుని నీళ్లలో దిగారు. మోకాలి లోతు. అవతలి ఒడ్డున అడుగు పెట్టినప్పుడు ఏదో జరుగుతుందని అయితు మనసులో ఉంది. ఇసుక కాలింది, అంతే.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. బాణం వేటు దూరంలో ఒక మనిషి వస్తున్నాడు. వీళ్లు ఆగితే అతనూ ఆగుతున్నాడు. నందె కూడా చూసింది. పిలవకు, అంది. పిలవలేదు.

సంత ఊరి చర్చి అంటే రేకుల షెడ్డు. దాని వెనక ముళ్లకంచె వేసిన చిన్న జాగా, అందులో పదీ పన్నెండు మట్టిదిబ్బలు. పాస్టరు కుజూర్ ఉత్తరాది కొండల నుంచి వచ్చిన కుర్రవాడు, ఇక్కడికొచ్చి ఏడాది కాలేదు. మంచాన్ని నీడలో పెట్టించాడు, పార, గునపం తెచ్చి ఇచ్చాడు. మీరు మొదలుపెట్టండి, నేను మనుషుల్ని పిలుస్తాను అన్నాడు.

అయితు గునపం పట్టుకుని నిలబడ్డాడు. సుక్కా పార పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఒకటే గోత్రం. నేల ఎర్రగా, గట్టిగా ఉంది. పాస్టరుకు అర్థం కాలేదు. అలిసిపోయారనుకుని తనే చొక్కా విప్పి పార అందుకోబోయాడు. అయితుకు సిగ్గు వేసింది. ఊరి ముందు నోరు విప్పాడు, దారంతా మోసుకొచ్చాడు. ఈ పాత భయం మాత్రం లోపలెక్కడో అలాగే కూర్చుని ఉంది. ప్రభువా, ఇది కూడా నువ్వే చూసుకో అనుకుని గునపం పైకెత్తాడు. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మళ్లీ ఎత్తాడు. ఈసారి కళ్లు మూసుకుని దించాడు. గునపం రాయికి తగిలి ఖణేలుమంది, పెళ్ల ఒకటి లేచింది.

"జరుగు బావా" అన్నారు వెనక నుంచి.

ఉంగా కంచె దాటి వచ్చి ఉన్నాడు. అయితు చేతిలో గునపం లాక్కున్నాడు.

"నువ్వు ముట్టుకోగూడదు. మా అక్కకి తవ్వాల్సింది నేను."

ఒక్కడే తవ్వాడు. పాస్టరు సాయానికి వస్తే వద్దని చెయ్యి ఊపాడు. నడుము లోతు దిగాక ఒకసారి ఆగి చెమట తుడుచుకుని, పైకి చూడకుండానే మాట్లాడాడు. "మీ తలుపు ఊడదీసిన్రు. కుండ బయట పారేసిన్రు."

"కోళ్లు?" అన్నాడు అయితు.

"వదిలేసినా. పట్టుకోనీకి దొరకలేదు." మళ్లీ రెండు పార్ల మట్టి ఎత్తిపోశాడు. "నువ్వు అబద్ధమాడి ఉంటే నేనింత దూరం నడవాల్సి వచ్చేది కాదు. ఆ కోపం నాకు పోదు బావా. చెబుతున్నా."

సరే అన్నాడు అయితు.

దించేటప్పుడు తలవైపు ఉంగా పట్టుకున్నాడు, కాళ్ల వైపు అయితు. పాస్టరు ప్రార్థన తనకొచ్చిన భాషలో చేశాడు, సగం ఎవరికీ తెలియలేదు. చివర అయితును ఏమైనా చెబుతారా అని అడిగాడు. అయితు గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఈ మూలన పెట్టినం ప్రభువా, అని గట్టిగా అందరికీ వినపడేలా అన్నాడు. అంతకంటే రాలేదు. మట్టి వేసే వేళకు ఎవరి గోత్రమనే మాట రాలేదు. అయితు రెండు చేతులతో తోశాడు.

సంత ఊరి ఆడవాళ్లు షెడ్డు పక్కన రాళ్ల పొయ్యి పెట్టి వండారు. నూకల అన్నం, ఉలవల పులుసు. చేతులు కడుక్కుని నేల మీద వరసగా కూర్చున్నారు. ఉంగా కంచె దగ్గరే నిలబడి ఉన్నాడు. వాళ్ల దగ్గర నీళ్లు తాగినా ఊరికి జవాబు చెప్పాలని అతనికి తెలుసు, ఇవాళ చెప్పాల్సింది ఇప్పటికే చాలా ఉందనీ తెలుసు. నందె ఒక డొప్పలో అన్నం పెట్టి, పులుసు పోసి, అయితు పక్కన ఖాళీ చోట నేల మీద పెట్టింది. పిలవలేదు.

కొంతసేపటికి ఉంగా వచ్చి ఆ డొప్ప ముందు కూర్చున్నాడు. చేతి గోళ్లలో ఎర్రమట్టి అలాగే ఉంది. మొదటి ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత తిన్నాడు. అయితు కూడా తిన్నాడు.